కలభాషిణికి మరుజన్మ ఎందుకు?

రెండవ భాగమున్న నవలలంటే నాకు కొంచెం భయం. ముఖ్యంగా మంత్రాలు, బలులు, శాపాలు, పగలు నిండిన చీకటి కథలు రెండవ భాగంలోకి అడుగు పెట్టినప్పుడు రచయితకు ఒక విచిత్రమైన జబ్బు పట్టుకుంటుంది. మొదటి భాగంలో నాయిక చేత అబద్ధమాడిస్తాడు, మోసం చేయిస్తాడు, ఒక్కోసారి ప్రాణాలు కూడా తీయిస్తాడు. మనం ఆమెను అసహ్యించుకోలేక, పూర్తిగా అభిమానించలేక, పుస్తకం మూయలేక అవస్థ పడతాం. నిజానికి ఆ అవస్థ కోసమే చదువుతాం. రెండవ భాగం వచ్చేసరికి రచయితకు ఆమె మీద ఎక్కడ లేని జాలి పుట్టుకొస్తుంది. ఆమె చేసిన ప్రతి పనికీ ఒక సాకు వెతుకుతాడు. చిన్నప్పుడు ఎవరో బాధపెట్టారంటాడు, ఎవరో మందు పెట్టారంటాడు, ఆ పని చేసింది అసలు ఆమె కాదంటాడు. చివరికి తలంటి పోసి, పట్టుచీర కట్టించి, పీటల మీద కూర్చోబెట్టి మంగళం పాడేస్తాడు.

ఇటువంటి పాత్రలకు సినిమా వాళ్లు ‘గ్రే షేడ్స్’ అనే మాట తెచ్చారు. తెలుగులో బూడిదరంగు నాయిక అంటే చదివేవాడు నవ్వుతాడు. మనకు బూడిద అంటే అన్నీ కాలిపోగా మిగిలినది. ఈ నాయికలు కాలిపోయిన వాళ్లు కారు, ఇంకా కాలుతున్న వాళ్లు. మంచీ చెడూ కలగలిసిన మనిషి అంటే సరిపోతుంది, అంతకన్నా పెద్ద మాట అక్కరలేదు.

మా సిద్దిపేటలో ఇంజనీరింగు చదివే మా బంధువుల అమ్మాయి ఒకతె ఆర్.ఎఫ్. క్వాంగ్ వ్రాసిన ‘ది పాపీ వార్’ (2018), దాని రెండవ భాగమైన ‘ది డ్రాగన్ రిపబ్లిక్’ (2019) ఫోనులో చదివేసి, మూడవదైన ‘ది బర్నింగ్ గాడ్’ (2020) సగంలో ఉండగా నన్నడిగింది - "మన తెలుగులో ఇలాంటివి ఎందుకు లేవు పెద్దనాన్నా?" అని. ఆ పుస్తకాల నాయిక రిన్ అనాథ. నల్లమందు అమ్ముకునే ఇంట్లో పెరిగి, కసికొద్దీ చదివి, సైనిక విద్యాలయంలో చేరుతుంది. అగ్నిదేవతను తన మీదికి ఆవాహన చేసుకునే విద్య నేర్చి, మొదటి పుస్తకం చివర శత్రువుల ద్వీపాన్ని జనంతో సహా తగలబెడుతుంది. రెండవ పుస్తకంలో రచయిత్రి ఆమెను కడిగే ప్రయత్నం చేయలేదు. రిన్ నల్లమందుకు బానిసై ఉంటుంది, చేసిన పని కలలోకి వస్తుంటుంది, అయినా మళ్లీ పగకే బయలుదేరుతుంది. పాఠకుడికి ఊరట ఇవ్వని రెండవ భాగం అది. అందుకే నాకు నచ్చింది.

అమ్మాయి ప్రశ్నకు ఎవరైనా ముందుగా చెప్పే జవాబు ‘తులసిదళం’. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వ్రాసినప్పుడు దానికోసం పుస్తకాల కొట్ల ముందు నిలబడి ఎదురుచూసిన తరం ఇంకా ఉన్నది. దానికి ‘తులసి’ అని రెండవ భాగం కూడా వచ్చింది, ఆ రెండవ భాగం ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అంటూ ఏకంగా ఒక పుస్తకమే వ్రాశారు. మూఢనమ్మకాలను పెంచుతుందా లేదా అన్న ఆ వాదులాట జోలికి నేనిప్పుడు పోను. నా అభ్యంతరం వేరే. ‘తులసిదళం’లో తులసి పసిపిల్ల. ఆమె మీద క్షుద్రశక్తి ప్రయోగం జరుగుతుంది, ఆమెను కాపాడడానికి కొందరు, చంపడానికి కొందరు పరుగులు తీస్తుంటారు. కథంతా ఆమె చుట్టూ తిరుగుతుంది గాని ఆమె చేతిలో ఏమీ లేదు. భయం కలిగించడానికి అది చక్కని పద్ధతే. కాని అమ్మాయి అడిగింది తానే తప్పు చేయగల నాయికను గూర్చి. తులసి ఆ లెక్కలోకి రాదు.

నేను చెప్పిన జవాబు విని అమ్మాయి కొంచెం నిరాశపడింది. పదహారవ శతాబ్దపు పద్యకావ్యం పేరు చెబితే ఎవరు మాత్రం నిరాశపడరు! పింగళి సూరన వ్రాసిన ‘కళాపూర్ణోదయము’. ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో అచ్చయిన తమ ‘కవిత్వతత్త్వ విచారము’లో మన ప్రబంధకవులను చాలామందిని దులిపేసి, ఈ కావ్యపు కథాకల్పనకు మాత్రం పట్టం కట్టారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి దీనిని ఇంగ్లీషులోకి మార్చి 2002లో అమెరికాలో అచ్చువేయించారు. పద్యాలంటే భయపడేవారు కథ మటుకు ఎవరి చేతనైనా చెప్పించుకుని వినండి. ఇందులో సింహం మీద ఎక్కి తిరిగే సిద్ధుడున్నాడు, అడవిలో నరబలి కోరే గుడి ఉన్నది, రూపాలు మార్చుకునే వాళ్లున్నారు, శాపాలున్నాయి, మొగుడు ఆడదై పెళ్లాం మగవాడయ్యే వింత కూడా ఉన్నది. చీకటి కథకు ఇంకేం కావాలి?

నాయిక కలభాషిణి ద్వారకలో వేశ్యాకులంలో పుట్టిన పిల్ల. చెలులతో ఉయ్యాల ఊగుతుండగా ఆకాశంలో రంభా నలకూబరుల విమానం పోతుంటుంది. నారదుడూ, శిష్యుడు మణికంధరుడూ అటు వస్తారు. తన అందానికీ, మగని ప్రేమకూ ఎదురు లేదన్నట్లు రంభ గర్వంగా మాట్లాడుతుంది. నారదునికి ఒళ్లు మండి, నీకూ పోటీ వస్తుందిలే అన్న ధోరణిలో ఒక మాట విసురుతాడు. ఆ మాటలు కలభాషిణి చెవిన పడతాయి. అంతే, నలకూబరుడి మీద ఆమెకు మనసు పుడుతుంది. ఇక్కడ సూరన చేసిన గొప్ప పని ఏమిటంటే ఆ కోరికను క్షణికమైన వలపుగా వదలలేదు. ఆమె ఏళ్ల తరబడి దానిని కాచుకుంటుంది. కృష్ణుని అంతఃపురాలకు నారదుని వెంట సంగీతం నేర్వడానికి వెళ్లినా, గురువుకు ఒద్దికైన శిష్యురాలిగా మెలగినా, లోపల లెక్క వేరే నడుస్తుంటుంది. నారదుని దయవల్ల కోరిన రూపం ధరించే శక్తి ఆమెకు చిక్కుతుంది. అటువంటి శక్తి దొరికిన మనిషి దానిని దేనికి వాడుతుందో చదివేవాడికి ముందే తెలిసిపోతుంది, అయినా ఆగలేక చదువుతాడు.

మణిస్తంభుడనే సిద్ధుడు సింహం మీద వచ్చి దిగుతాడు. దూరాన జరిగేవి చూడగలడు, వినగలడు. ఆమె మనసులో ఎవరున్నారో పసిగట్టి ఆ ఆశ చూపి సింహం ఎక్కించుకుంటాడు. ముక్కూ మొహం తెలియని వాడి వెనుక, సింహం మీద, అడవిలోకి! ఆమె అమాయకురాలై వెళ్లిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ద్వారక నగరపు వేశ్యావాటికలో పెరిగిన పిల్లకు మగవాడి మాట ఎంతవరకు నమ్మాలో తెలియదా? తెలిసీ ఎక్కింది. నలకూబరుడిని చేరడానికి అంత ప్రమాదం ఓర్చుకోదలచింది. వాడు తీసుకుపోయింది మృగేంద్రవాహన గుడికి. బలి ఇచ్చి రాజ్యం సంపాదిద్దామని. ఆ గుడిని కనిపెట్టుకుని ఉన్న సుముఖాసత్తి అనే ముసలమ్మ అడ్డుపడడంతో ఆ పూట గండం గడుస్తుంది.

ఇంత జరిగాక మామూలు ప్రబంధ నాయిక అయితే బుద్ధి తెచ్చుకుని ఇంటికి పోతుంది. కలభాషిణి పోలేదు. అడవిలో నలకూబరుడు కనబడగానే రంభ రూపం ధరించి అతని దగ్గరకు చేరింది. మరొక స్త్రీ ముఖం పెట్టుకుని ఆమె మగడిని ఆమెకు తెలియకుండా పొందడం - దీనికి మెత్తని పేరు పెట్టి ప్రయోజనం లేదు, ఇది మోసం. కవికి కూడా ఆ సంగతి తెలుసు. అసలు తమాషా ఏమిటంటే ఆ నలకూబరుడు నలకూబరుడు కాడు. తపస్సు చెడి రంభతో కూడిన మణికంధరుడు, ఆమెకు ఇంకా ఇష్టుడవుదామని ఆమె మగడి రూపం వేసుకుని ఉన్నాడు. దొంగ రంభ, దొంగ నలకూబరుడు ఒకరినొకరు నిజమనుకుని కౌగిలించుకున్నారు. తరువాత అసలు రంభ వచ్చి తగవు పెట్టుకోవడం, ఇద్దరు రంభల పోట్లాట, ఆపైన శాపాలు. నవ్వొచ్చేటట్లు వ్రాశాడు గాని నవ్వు అడుగున చలి పుడుతుంది. ఒక మనిషిని అంత తీవ్రంగా కోరుకుని, అంత పాపానికి ఒడిగట్టి, చివరికి దొరికింది తనలాంటి ఇంకొక దొంగ. ఇటువంటి సన్నివేశం ఆ కాలపు కావ్యాల్లో నాకు మరొకటి కనబడలేదు.

ఆ తరువాతే నాకు కడుపు మండే ఘట్టం. శాపం వల్ల చావు ఎటూ తప్పదని తేలాక కలభాషిణి అదే గుడిలో తానే మెడ వంచుతుంది. కత్తి ఎత్తినవాడు మణికంధరుడు. ఎవరిని నలకూబరుడనుకుని కూడిందో అతడే. ఇక్కడితో మొదటి భాగం అయిపోయినట్లు లెక్క. పుస్తకం మీద అట్లా వ్రాసి ఉండదు, కాని కథ నడక చూస్తే ఇది ఒక నవల ముగిసే చోటు. ఆ తరువాత నడిచేది మరుజన్మ కథ, అంటే మన సంప్రదాయంలోని రెండవ భాగం. ఇంగ్లీషు నవలలో రెండవ భాగానికి అవే మనుషులు కావాలి. మనకు ఆ ఇబ్బంది లేదు, మనుషులు చచ్చిపోయినా కథ నడుస్తుంది. ఆ సౌకర్యమే కొంప ముంచింది.

మరుజన్మలో ఎవరెవరు ఏమైనారో చూడండి. మణికంధరుడు కళాపూర్ణుడనే మహారాజైనాడు. తపస్సు చెడినవాడు, మారువేషంతో రంభను మోసం చేసినవాడు, ఆడదాని తల నరికినవాడు - రాజైనాడు. మణిస్తంభుడూ సుముఖాసత్తీ పూర్వం శాలీనుడు, సుగాత్రి అనే దంపతులు. వాళ్లు ఆడా మగా తారుమారై, ఆడదిగా మారిన మణిస్తంభుని కడుపున ఈ కళాపూర్ణుడు పుట్టాడు. కలభాషిణి మధురలాలస అనే రాజకుమార్తెగా పుట్టి కళాపూర్ణుని పెళ్లాడింది. అంటే తన మెడ నరికినవాడు మగడైనాడు, బలి ఇవ్వబోయినవాడు అత్తగారైనాడు! ఈ చుట్టరికం గూర్చి ఏ విమర్శకుడైనా నాలుగు మాటలు వ్రాశాడేమోనని వెదికాను. అందరూ కథాసంవిధానం ఎంత బిగువుగా ఉన్నదో మెచ్చుకునే పనిలో ఉన్నారు.

మెచ్చుకోవద్దని కాదు. శాలీన సుగాత్రుల కథ ఒక్కటి చాలు సూరనను నెత్తిన పెట్టుకోవడానికి. నగలు వేసుకుని ఎదురుచూసే కొత్త పెళ్లికూతురి వైపు కన్నెత్తి చూడని మొగుడు, ఆమె నగలు తీసేసి తోటపనిలో తనకు సాయానికి వచ్చి చెమటోడుస్తుంటే మనసు పడడం! పల్లెటూళ్లో పొలం పని చేసే మొగుడూ పెళ్లాలను చూసిన వాడికి గాని అటువంటి ఊహ రాదు. పుస్తకం మూశాక కూడా ఆ తోట కళ్ల ముందు నుంచి పోదు.

మధురలాలస మాత్రం నాకు గుర్తుండదు. ఆమె అందం వర్ణన ఉన్నది, విరహం ఉన్నది, పెళ్లి ఉన్నది, అభినవకౌముది అనే సవతి ఉన్నది. ఏ ప్రబంధం తెరిచినా ఉండే సరుకే. ఒక్క ఘట్టంలో మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఆమె ఇంకా పసికందు. ఒక మణి తాకగానే నోరు విప్పి, రాజు ముందు, పూర్వజన్మ కథ అంతా చెప్పుకొస్తుంది. పాలు తాగే పిల్ల నోట కలభాషిణి మాట్లాడుతుంది. రిన్ కలలను తలచుకుంటే నాకు ఈ శిశువే గుర్తుకొస్తుంది. చేసినదీ తెలుసు, పడినదీ తెలుసు, కత్తి ఎత్తినవాడు ఎదురుగా సింహాసనం మీద ఉన్నాడు. ఈ సన్నివేశం నుంచి ఎటువంటి రెండవ భాగం పుట్టాలి! సూరన అంత దూరం వచ్చి, ఆ గొంతును మళ్లీ మూసేసి, ఆ పిల్లను పెద్దదాన్ని చేసి, ఆ రాజు మీదే వలపు పుట్టించి పెళ్లి చేశాడు. పిల్ల చెప్పిన కథ పెళ్లికూతురికి అడ్డం రాలేదు.

నాకు ఎదురు చెప్పేవారికి రెండు మాటలున్నాయి, తెలుసు. మొదటిది, ఇదంతా బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ, వాళ్ల సరసంలోంచి పుట్టిన పాత్రలు, అక్కడ ఏది ఎట్లా జరగాలో ముందే నిర్ణయమైంది అని. సరే, కాని బ్రహ్మ చేత ఆ కథ చెప్పించినవాడు సూరనే కదా. రెండవది కొంచెం బరువైనది. కలభాషిణి కోరిక తీరిందా లేదా? వేశ్యగా పుట్టినందుకు దక్కని గౌరవం, పట్టపుదేవి పీట, ధర్మబద్ధమైన దాంపత్యం - ఇవన్నీ ఇచ్చి కవి ఆమెను ఆదరించాడు గదా అని. నేను దీనితో చాలాకాలం పెనుగులాడాను. ఆమె కోరింది పట్టపుదేవి పీట అని పుస్తకంలో ఎక్కడుంది? ఆమె నలకూబరుడిని కోరింది. అది తప్పుడు కోరికే కావచ్చు, ఆమెది. కవి దానిని తీసేసుకుని చేతిలో మరొకటి పెట్టి, ఇదే గదా నీవు అడిగింది అన్నాడు. మణికంధరుడి తప్పును మరుజన్మలో ఎవరూ కడగలేదు, ఆ అవసరమే ఎవరికీ తోచలేదు. అతడు అట్లాగే సింహాసనం ఎక్కాడు. ఆమెకు మాత్రం కులం మారాలి, పుట్టుక మారాలి, కోరికలు మారాలి. కథలో ఉండడానికి ఆమెకు అనుమతి దొరికింది అప్పుడు.

నాలుగు వందల ఏళ్ల నాటి పద్యకావ్యం మీద ఈ కోపమెందుకని అడగవచ్చు. నేనున్నది సిద్దిపేటలో. 2016 అక్టోబరు 11న వేరే జిల్లా అయ్యేవరకు మాది మెదక్ జిల్లా. 1980లలో ఆ జిల్లా పల్లెల్లో బాణామతి అనే మాట ఎట్లా పాకిందో పెద్దవాళ్లందరికీ గుర్తే. డాక్టర్లు వచ్చి చూశారు, హేతువాదులు వచ్చి చూశారు, పత్రికలు వ్రాశాయి. బాణామతి అనేది లేదని చెప్పిపోయారు. లేనిదాని కోసం కొట్టిన దెబ్బలు మాత్రం నిజంగా తగిలాయి. మంత్రం వేసే నోరని పళ్లు రాలగొట్టడం ఈ ప్రాంతంలో తెలియని సంగతి కాదు. ఆ తరువాతి దశాబ్దాల్లో కూడా తెలంగాణ పల్లెల నుంచి అటువంటి వార్తలు ఆగలేదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాగతాలకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయంటే పొరుగున ఉన్న పరిస్థితి కూడా అర్థమవుతుంది.

పత్రికలో ఆ వార్తలకు ఒక స్థిరమైన మాట ఉన్నది - ‘చేతబడి నెపంతో’. ఆ నెపం అన్న మాట వ్రాసిన విలేఖరి మంచివాడే. ఆమె చేయలేదు, ఊరికే నింద వేశారు అని చెప్పడమే అతని ఉద్దేశం. ఊళ్లోకి పోయి అడిగితే వినబడే మాట మరొకటి. "మంత్రాల సంగతి మాకెర్క లేదుగని, ఆమె మంచిది కాదు సారూ" అంటారు. మంచిది కాదంటే ఏమిటి? గట్టున కొట్లాడుతుంది. నోరు పెద్దది. మొగుడు పోయినాక ఎవరి మాటా వినలేదు. అప్పు ఇచ్చి వడ్డీ కోసం వాకిట్లో కూర్చుంటుంది. ఎవరినో శపించింది, ఆ ఇంట్లో పసిపాప చనిపోయింది. ఇందులో కొన్ని నిజాలే కావచ్చు. అందరూ దేవతల వంటి ఇల్లాండ్రే అయి ఉండనక్కరలేదు. నా బాధ అక్కడే ఉన్నది. మనం ఆమెను కాపాడడానికి వాడే ఒకే ఒక్క వాదన ఆమె అమాయకురాలు అన్నది. కొంచెం గయ్యాళి అని, కొంచెం స్వార్థపరురాలని తేలితే ఆ వాదన ఒరిగిపోతుంది. తప్పున్న ఆడదానికి కూడా తల మెడ మీద ఉండవచ్చునన్న ఊహ మనకు కథల్లో అలవాటు కాలేదు. మన అద్భుత కథల్లో ఆడవాళ్లు రెండు రకాలు. మాయల మరాఠీ చెరలో ఏళ్ల తరబడి ఉండి కూడా మచ్చ పడని బాలనాగమ్మ ఒక రకం, మంత్రగత్తె రెండవ రకం. మధ్యలో నిలబడినది కలభాషిణి ఒక్కతె. ఆమెకు పట్టిన గతి చూశాం.

ఒక్కతె అన్నాను గాని ఇంకొకతె ఉన్నది. ఆమెను పుస్తకాల్లో వెదకనక్కరలేదు, మా ఊళ్లలో ప్రతి పొలిమేరలోనూ ఉన్నది. రేణుకా ఎల్లమ్మ. చేర్యాల, కొమురవెల్లి ఇప్పుడు మా జిల్లాలోనివే. చేర్యాల నకాషీలు ఎర్రని నేల మీద పటాలు వేస్తే, వాటిని చూపి కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగేవారు. కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లే ఎల్లమ్మ కథ కూడా చెబుతారు. నీళ్లకు పోయిన రేణుక, గంధర్వుడి జలక్రీడ చూసి ఒక్క క్షణం మనసు చెదిరింది. భారతంలో కూడా ఉన్న కథే. జమదగ్ని కోపం, కొడుకు పరశురాముడు తల్లి తల నరకడం, తండ్రి ఇచ్చిన వరంతో మళ్లీ బతికించుకోవడం. కోరిక, కత్తి, మరుజన్మ. కలభాషిణి కథ ఎముకలు ఇవే.

తేడా అంతా రెండవ భాగంలో ఉన్నది. పురాణంలో రేణుక బతికి లేచి, జరిగినదేదీ జ్ఞాపకం లేకుండా, మళ్లీ ఆశ్రమంలో భర్త సేవకు పోతుంది. మధురలాలస వంటి ముగింపే. పల్లెలో చెప్పే కథ అక్కడ ఆగలేదు. కొన్ని కథనాల్లో తలలు మారిపోతాయి, రేణుక తలా మాతంగి మొండెమూ ఒకటవుతాయి. ఏది అగ్రకులం, ఏది అంటరానితనం తేల్చుకోలేని కొత్త మనిషి లేస్తుంది. ఆమె ఆశ్రమానికి పోదు, ఊరికి వస్తుంది. కోపం పోలేదు, ఆకలి పోలేదు. కల్లు అడుగుతుంది, బోనం అడుగుతుంది, కోడిని అడుగుతుంది, ఇవ్వకపోతే ఏం చేస్తుందో ఊరికి తెలుసు. ఆమెను పతివ్రతగా నిరూపించిన తరువాత గుడి కట్టలేదు మన పూర్వులు. మనసు చెదిరిన సంగతి కథలో అట్లాగే ఉంచి, ప్రతి ఏడూ డప్పుతో ఆ సంగతి మళ్లీ చెప్పించుకుని, ఆ తరువాత మొక్కుతారు. గౌండ్ల ఇళ్లలో ఆమె పేరు తీయకుండా శుభకార్యం కాదు. రెండవ భాగం వ్రాయడం ఎట్లాగో తెలిసినవాళ్లు ఒగ్గువాళ్లే అని నాకు అనిపిస్తుంది. (అదే ఊరు, అదే బోనం ఎత్తిన చేతులతో, గట్టున కొట్లాడే ఒంటరి ఆడదాన్ని మంత్రగత్తె అంటుంది. దేవతకు ఇచ్చిన సడలింపు మనిషికి ఇవ్వలేకపోవడం ఏమిటో నాకు అంతుపట్టదు.)

చీకటి కథలు వ్రాయదలచుకున్న నేటి పిల్లలకు నేను చెప్పేదల్లా ఇంతే. రిన్‌ను చదవండి, తప్పేమీ లేదు. కలభాషిణిని చదవండి, ఆమె దగ్గర సరుకు ఎక్కువ ఉన్నది. ఆమెకు మరొక రెండవ భాగం వ్రాయవచ్చు. సూరన ఏమీ అనుకోడు. తన కాలంలో ఎవరూ చెప్పని కథను కల్పించుకున్నవాడు, ఇంకొకరు కల్పించుకుంటే కాదంటాడా!

నేనైతే ఆ గుడిలోనే మొదలుపెడతాను. మణికంధరుడు కత్తి ఎత్తి ఉంటాడు. సుముఖాసత్తి గుమ్మంలో నిలబడి ఉంటుంది, మొదటిసారి అడ్డుపడినట్లే ఈసారి కూడా అడ్డుపడుతుంది, ఈ పిల్ల మంచిదని మాత్రం అనదు. కలభాషిణి లేచి, మెడ తడుముకుని, అడవి దారిన నడుస్తుంది. కోరిన రూపం ధరించే శక్తి ఇంకా ఉన్నది. శాపం ఇంకా తరుముతున్నది. రంభకు తాను చేసిన అన్యాయానికి క్షమాపణ చెప్పాలా వద్దా అన్నది దారి పొడుగునా తేల్చుకోలేదు. ద్వారక చేరేసరికి పొద్దు వాలుతుంది. తోటలో ఉయ్యాల అట్లాగే ఉంటుంది, ఎవరో చిన్నపిల్ల ఊగుతుంటుంది. కలభాషిణి ఏ రూపంలో ఆ పిల్ల ఎదుటికి పోతుందో, అది వ్రాసేవారి ఇష్టం.